దగ్గరగా వెళ్లే గ్రహశకలం లెక్క చెప్పిన చోట కనిపించట్లేదు, తప్పు ఎక్కడ?

చిరుచుక్క:

అందరికీ నమస్కారం. గ్రహశకలాల స్థానం పట్టుకోవడంలో ఒక చిక్కు వచ్చిపడింది. తెలిసినవాళ్లు విడమరిచి చెప్పాలి.

పరికరాలు ఇవి: 150 మి.మీ. న్యూటోనియన్ (అద్దం టెలిస్కోపు), ఫోకల్ లెంగ్త్ 750 మి.మీ., ఈక్వటోరియల్ గోటూ మౌంట్ (చెప్పిన చోటికి తనే తిరిగి నక్షత్రాల వెంట నడిచే స్టాండు), 2.9 మైక్రాన్ల పిక్సెళ్లున్న మోనో కెమెరా (1920 × 1080). వెస్టా, సెరెస్ లాంటివాటికి స్టెల్లేరియం (ఆకాశ పటం చూపే సాఫ్ట్‌వేర్) నుంచే గోటూ ఇచ్చి 25 మి.మీ. ఐపీస్‌లో చూస్తే ప్రతిసారీ దొరుకుతున్నాయి. భూమికి 0.02 ఏయూ (ఒక ఏయూ అంటే భూమికీ సూర్యుడికీ మధ్య దూరం) దూరంలో వెళ్తున్న ఒక చిన్న శకలం (అంచనా మాగ్నిట్యూడ్ 13; ఈ వెలుగు అంకె పెరిగేకొద్దీ వస్తువు మసక) మాత్రం రెండు రాత్రులు వెతికినా దొరకలేదు.

చేసిన పద్ధతి: స్టెల్లేరియంలో సోలార్ సిస్టమ్ ఎడిటర్ ప్లగిన్‌తో ఎంపీసీ (మైనర్ ప్లానెట్ సెంటర్) నుంచి కక్ష్య వివరాలు దించుకున్నాను. శకలం మీద క్లిక్ చేస్తే వచ్చిన ఆర్ఏ, డెక్ అంకెలను (ఆకాశంలో రేఖాంశ, అక్షాంశాల లాంటివి) ఇమేజింగ్ సాఫ్ట్‌వేర్‌లో టైప్ చేసి ప్లేట్ సాల్వ్‌తో (ఫొటోలోని నక్షత్రాలను బట్టి గురి ఎక్కడుందో తేల్చే పద్ధతి) మధ్యకు తెచ్చాను. సాల్వ్ ప్రకారం మౌంట్ ఆ అంకెల మీదే ఉంది, తేడా 10 ఆర్క్ సెకన్ల లోపే (డిగ్రీలో 60వ వంతు ఆర్క్ నిమిషం, అందులో 60వ వంతు ఆర్క్ సెకను). ఒక్కోటి 30 సెకన్ల చొప్పున 40 ఫ్రేములు తీశాను. 15 మాగ్నిట్యూడ్ దాకా నక్షత్రాలు పడ్డాయి. ఫ్రేములను నక్షత్రాల మీద కలిపి బ్లింక్ చేస్తే (వెంటవెంటనే మార్చి చూస్తే) ఒక్క చుక్క మాత్రం తిన్నగా, నెమ్మదిగా జరుగుతోంది. కానీ దాని దిశా, వేగమూ లెక్కకు సరిపోవట్లేదు.

గురి తప్పిందా, ఎక్స్‌పోజర్ తప్పా? ఆ కదిలే చుక్క ఏమై ఉంటుంది?

ధ్రువరేఖ:

చిరుచుక్క గారూ, గురి తప్పింది. ఒక్క కారణంతో కాదు, మూడు కారణాలు కలిసి ఉండొచ్చు.

మొదటిది మీరు టైప్ చేసిన అంకెలు. స్టెల్లేరియం ఒకే వస్తువుకు రెండు జతల ఆర్ఏ, డెక్ చూపిస్తుంది. ఒకటి జె2000 (2000వ సంవత్సరం మొదటి నాటి లెక్కది), రెండోది ఆ రోజుది. భూమి అక్షం మెల్లగా చుట్టు తిరుగుతుండటంతో ఈ రెండిటి మధ్య ఎడం ఏడాదికి 50.3 ఆర్క్ సెకన్ల చొప్పున పెరుగుతూ వచ్చింది. పాతికేళ్లకు అది 21 ఆర్క్ నిమిషాలు (క్రాంతివృత్తానికి బాగా దూరంగా ఉన్నచోట తక్కువ). ఇప్పుడు మీ ఫ్రేము కొలత చూడండి: 206.265 × 2.9 ÷ 750 అంటే పిక్సెల్‌కి 0.8 ఆర్క్ సెకన్లు, మొత్తం ఫ్రేము 25 × 14 ఆర్క్ నిమిషాలు. నడిమి నుంచి అంచుకు ఒకవైపు 12, ఇంకోవైపు 7 మాత్రమే. ఆ రోజు అంకెలను జె2000 కావాలనే సాఫ్ట్‌వేర్‌లో కొట్టి ఉంటే శకలం ఫ్రేములోకి అడుగే పెట్టలేదు.

ప్లేట్ సాల్వ్ ఈ పొరపాటును పట్టుకోలేదు. మౌంట్ మీరిచ్చిన అంకెల మీద ఉందా లేదా అన్నదానికే అది సాక్ష్యం. మీరిచ్చిన అంకెలు సరైనవా కాదా అన్నది దానికి తెలియదు. వెస్టాతో ఈ ఇబ్బంది రాలేదంటే, స్టెల్లేరియం నేరుగా మౌంట్‌తో మాట్లాడింది కాబట్టి. పైగా 25 మి.మీ. ఐపీస్‌లో ఒకటిన్నర డిగ్రీల పైనే కనబడుతుంది, 20 ఆర్క్ నిమిషాల తేడా వచ్చినా అందులో ఇమిడిపోతుంది.

రెండోది కక్ష్య. స్టెల్లేరియం చిన్న వస్తువులను సూర్యుడి ఆకర్షణ ఒక్కటే ఉన్నట్టు లెక్కగట్టి జరుపుతుంది. ప్రధాన పట్టీలో (అంగారకుడికీ గురుడికీ మధ్య) ఉన్నవాటికి కొన్ని నెలల పాటు అది చాలు. భూమి దగ్గరికి వచ్చే శకలానికి చాలదు, భూమే దాన్ని పక్కకు లాగుతుంది. దించుకున్న కక్ష్య వివరాలు ఏ తేదీకి సంబంధించినవో ఆ తేదీ నుంచి దూరం జరిగేకొద్దీ తప్పు పెరుగుతుంది. దగ్గరగా ఉండటమే ఆ తప్పును పెద్దది చేసి చూపిస్తుంది కూడా: శకలం తన దారిలో 3,000 కి.మీ. అటూ ఇటూ అయిందనుకోండి, 1 ఏయూ దూరంలో అది 4 ఆర్క్ సెకన్లు, ఎవరికీ పట్టదు. 0.02 ఏయూ దూరంలో అదే 3,000 కి.మీ. మూడున్నర ఆర్క్ నిమిషాలవుతుంది.

మూడోది పారలాక్స్. భూమి కేంద్రం నుంచి చూస్తే ఉండే స్థానానికీ, మనం నిల్చున్న చోటి నుంచి కనిపించే స్థానానికీ మధ్య తేడా. గరిష్ఠంగా ఎంతంటే 8.794 ఆర్క్ సెకన్లను ఏయూలలో ఉన్న దూరంతో భాగించాలి. 0.02 ఏయూకి 440 ఆర్క్ సెకన్లు, అంటే 7 ఆర్క్ నిమిషాల పైన. ఆ వచ్చినదాన్ని ఎత్తు కోణపు కొసైన్‌తో గుణించాలి. నడినెత్తిన సున్నా, దిగంతం దగ్గర పూర్తిగా ఉంటుంది. ఎప్పుడూ కిందివైపే నెడుతుంది, అంటే కేంద్రపు లెక్క కన్నా శకలం దిగంతానికి దగ్గరగా కనబడుతుంది. ఎంపీసీ పేజీలో అబ్జర్వేటరీ కోడ్ 500 ఉంచేసి తీసిన పట్టిక భూకేంద్రానిది. మీ మేడ మీద నుంచి చూసేదానికి అది పనికిరాదు.

అందుకని దగ్గర శకలాలకు జేపీఎల్ హొరైజన్స్ (నాసా జేపీఎల్ వారి ఆన్‌లైన్ స్థాన లెక్కల సేవ) వాడండి. అది గ్రహాల ఆకర్షణలన్నీ కలిపి లెక్కిస్తుంది. ఎఫిమెరిస్ (స్థానాల పట్టిక) రకం అబ్జర్వర్ టేబుల్, స్థలం దగ్గర మీ అక్షాంశ రేఖాంశాలు (తూర్పు రేఖాంశం ధన సంఖ్య, ఎత్తు కిలోమీటర్లలో, కాబట్టి 500 మీటర్లంటే 0.5), సమయం 5 నిమిషాల మెట్టు. కాలమ్‌లలో 1, 3, 4, 9, 20, 36 పెట్టుకోండి: జె2000 స్థానం, కదలిక వేగం, దిశా ఎత్తూ, మాగ్నిట్యూడ్, దూరం, స్థానంలో అనిశ్చితి. సంఖ్యతో వెతికేటప్పుడు చివర సెమీకోలన్ మరవకండి. 4 అని మాత్రమే కొడితే అంగారకుడు వస్తాడు, వెస్టా కావాలంటే 4 పక్కన సెమీకోలన్ ఉండాలి. సమయం యూటీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంటుంది, మీ గడియారపు సమయానికి మార్చుకోవడం మీ బాధ్యత.

36వ కాలమ్ చాలామంది చూడరు, కొత్తగా దొరికిన శకలాలకు ముందు చూడాల్సింది అదే. అందులో ఉన్నది మూడు సిగ్మాల అనిశ్చితి (శకలం దాదాపు తప్పకుండా ఇమిడిపోయే మేర). అది మీ ఫ్రేములో సగం కన్నా ఎక్కువుంటే ఒక ఫ్రేము చాలదు, అంచనా దారి వెంబడి ముందూ వెనకా కూడా తీయాలి. కొద్ది రోజుల పరిశీలనలతో కట్టిన కక్ష్యకు ఇది సహజం. సెరెస్‌కీ ఇదే జరిగింది. 1801 జనవరి 1న పియాజీ కంటపడి, ఫిబ్రవరి 11 తర్వాత కనుమరుగైంది. గాస్ కొత్త పద్ధతిలో కక్ష్య కట్టాక గానీ ఆ డిసెంబరు 31న మళ్లీ దొరకలేదు. ఇప్పుడు కొత్త పరిశీలన చేరిన ప్రతిసారీ హొరైజన్స్‌లో కక్ష్య మారుతుంది. అందుకే పట్టిక ఏ రోజుకారోజు తీసుకోవాలి, నిన్నటిది వద్దు.

తప్పు ఏ దిక్కుగా ఉందో చూస్తే కారణం దానంతటదే బయటపడుతుంది. ఏ వస్తువు మీదికి తిప్పినా ఒకే తీరున 20 ఆర్క్ నిమిషాలు పోతోందంటే జె2000 గొడవ. శకలం తన దారిలోనే ముందుకో వెనక్కో ఉందంటే గడియారం, లేదా పాత కక్ష్య. నిట్టనిలువుగా కిందికి జారి ఉందంటే పారలాక్స్.

నీలినిశి:

ధ్రువరేఖ గారు గురి సంగతి చెప్పేశారు. నాది ఎక్స్‌పోజర్ మాట. గురి సరిగ్గా ఉన్నా 30 సెకన్లతో 13 మాగ్నిట్యూడ్ శకలం మీకు దొరికేది కష్టమే.

0.02 ఏయూ అంటే 30 లక్షల కి.మీ. మన చూపుకి అడ్డంగా సెకనుకు 10 కి.మీ. పోతోందనుకుంటే ఆకాశంలో దాని వేగం నిమిషానికి 41 ఆర్క్ సెకన్లు. ప్రధాన పట్టీలోది సూర్యుడికి ఎదురుగా ఉన్న రోజుల్లో గంటకు నడిచేదంత దూరం ఇది ఒక్క నిమిషంలో పోతుంది. 30 సెకన్లలో 20 ఆర్క్ సెకన్ల గీత పడుతుంది. గాలి కదలిక వల్ల నక్షత్రం 3 ఆర్క్ సెకన్ల చుక్కగా పడుతోందనుకుంటే, శకలం వెలుగు అలాంటి ఏడు చుక్కలంత మేర పరుచుకుంది. అంటే సుమారు 2 మాగ్నిట్యూడ్లు పోయినట్టే, 13 కాస్తా 15 అవుతుంది. మీ ఫ్రేము హద్దూ అదే. ఎక్స్‌పోజర్ పెంచితే నక్షత్రాలు బాగుపడతాయి తప్ప శకలం బాగుపడదు, గీత పొడుగవుతుందంతే.

లెక్క తేలిక: చుక్క వెడల్పును వేగంతో భాగించండి. 3 ఆర్క్ సెకన్లు, సెకనుకు 0.68. నాలుగు సెకన్లకు మించకూడదు. 4 సెకన్ల ఫ్రేములు 60 తీసి, శకలం కదలిక మేరకు ఒక్కో ఫ్రేమునూ జరిపి కలపండి. 60 ఫ్రేములకు సిగ్నల్ నిష్పత్తి దాదాపు 7.7 రెట్లు, అంటే 2.2 మాగ్నిట్యూడ్ల లాభం. నక్షత్రాలు గీతలవుతాయి, శకలం గుండ్రటి చుక్కగా నిలుస్తుంది. మౌంట్‌ని శకలం వేగంతో నడపాల్సిన పనిలేదు. మామూలు నక్షత్ర వేగంలోనే ఉంచితే ఒక్కో ఫ్రేములో నక్షత్రాలు గుండ్రంగా పడతాయి, ప్లేట్ సాల్వ్ గట్టిగా కుదురుతుంది.

కలపడానికి ఆస్ట్రోమెట్రికాలో ట్రాక్ అండ్ స్టాక్, లేదంటే టైకో ట్రాకర్. రెండిటికీ వేగమూ దిశా ఇస్తే చాలు, శకలం విడి ఫ్రేములో కనబడకపోయినా ఫర్వాలేదు. సిరిల్‌లో తోకచుక్కల కోసం ఉన్న అమరిక కూడా పనిచేస్తుంది గానీ, దానికి మొదటి ఫ్రేములోనూ చివరి ఫ్రేములోనూ శకలాన్ని మీరే వేలుపెట్టి చూపించాలి. మసక వాటితో అది కుదరదు.

ఇక మీ కదిలే చుక్క. నా అనుమానం అది హాట్ పిక్సెల్ (వెలుగు పడకపోయినా వెలిగే సెన్సర్ గడి). పోలార్ అలైన్‌మెంట్ (మౌంట్ అక్షాన్ని ధ్రువానికి గురిపెట్టడం) కొంచెం తేడాగా ఉంటే 20 నిమిషాల్లో నక్షత్రాలు సెన్సర్ మీద మెల్లగా ఒకవైపు జరుగుతాయి. మీరు ఫ్రేములను నక్షత్రాల మీద కలిపేసరికి నక్షత్రాలు ఆగిపోతాయి, హాట్ పిక్సెల్ ఎదురు దిక్కుగా తిన్నగా నడవడం మొదలుపెడుతుంది. ఒకే వేగం, ఒకే దిశ. చూడ్డానికి అచ్చం గ్రహశకలమే. తేల్చుకోవడం చిటికెలో పని: కలపని మూల ఫ్రేములు తెరిచి ఆ చుక్క పిక్సెల్ స్థానం చూడండి. మొదటి ఫ్రేములో 812, 455 దగ్గరా, నలభయ్యో ఫ్రేములోనూ అక్కడే ఉంటే అది ఆకాశంలోది కాదు. నిజం చుక్కకు చుట్టూ మసక అంచు ఉంటుంది, మూడు నాలుగు పిక్సెళ్ల మేర పాకుతుంది. హాట్ పిక్సెల్ ఒక్క గడిలో కోసినట్టు పదునుగా ఉంటుంది. డార్క్ ఫ్రేములను (మూత పెట్టి తీసినవి) మీ ఫ్రేముల్లోంచి తీసివేయండి, ప్రతి పది ఫ్రేములకూ మౌంట్‌ని కొన్ని పిక్సెళ్లు అటూ ఇటూ కదపండి. ఆ తిన్నటి నడక చెదిరిపోతుంది.

వేగుచుక్క:

కెమెరా లేకుండా కంటితో చూసేవాళ్ల కోసం, ఇదే వస్తువు మీద. 13 మాగ్నిట్యూడ్ 150 మి.మీ. అద్దానికి అంచు మీద ఉన్న వెలుగు. నిజంగా చీకటి ఆకాశం ఉంటేనే ప్రయత్నించండి. 10, 11 అయితే హాయిగా చూడొచ్చు.

వేగంగా పోయేదాని వెంట పడొద్దు, దారి కాయండి. మీరు గోటూ ఇచ్చి, ఐపీస్ మార్చి, ఫోకస్ చేసేలోపు అది ముందుకు పోయి ఉంటుంది. పట్టికలో 15, 20 నిమిషాల తర్వాత అది వెళ్లే చోటు చూసి, ఆ దారికి 5 ఆర్క్ నిమిషాల లోపు ఉన్న 8 లేదా 9 మాగ్నిట్యూడ్ నక్షత్రాన్ని ఎంచుకోండి. దాన్ని ముందే ఐపీస్‌లో పెట్టేసి చుట్టుపక్కల చుక్కలన్నీ కాగితం మీద గుర్తించుకోండి. చార్టు శకలం కన్నా ఒక మాగ్నిట్యూడ్ మసకవాటి దాకా ఉండాలి. సరిగ్గా శకలం మాగ్నిట్యూడ్ దగ్గరే ఆపేస్తే చార్టులో లేని ప్రతి మసక చుక్కా శకలంలాగే అనిపిస్తుంది. చార్టు తిప్పుకోవడం కూడా ముఖ్యం: న్యూటోనియన్‌లో బొమ్మ 180 డిగ్రీలు తిరిగి ఉంటుంది, డయాగొనల్ పెట్టిన రిఫ్రాక్టర్‌లో కుడి ఎడమలు మారతాయి.

75 రెట్ల దగ్గర నిమిషానికి 41 ఆర్క్ సెకన్లంటే స్పష్టంగా కనబడే కదలిక. అదే ఐపీస్‌లో గురు గ్రహం బింబం ఎంత కనబడుతుందో, దాదాపు అంత దూరం ప్రతి నిమిషం జరుగుతుంది. రెండు నక్షత్రాలకు దగ్గరగా వచ్చినప్పుడు చూస్తే, వాటితో కలిసి ఏర్పడే ముక్కోణం మీ కళ్లముందే సాగి, గీతై, అటువైపుకి తిరగబడుతుంది. ఆ రెండు మూడు నిమిషాలు కన్ను ఐపీస్ నుంచి తీయకండి.

ప్రధాన పట్టీ శకలాలకైతే ఇంత తొందర లేదు. ఒక బొమ్మ గీసుకుని రెండు మూడు గంటలకో, మర్నాడో మళ్లీ చూడండి. జరిగిందే శకలం. కాకపోతే అది ఆకాశంలో నిలకడగా ఉన్నట్టు కనిపించే రోజులు కొన్ని ఉంటాయి, ముందుకు పోయేది వెనక్కు తిరిగే మలుపులో. అప్పుడు మర్నాటికీ పెద్దగా జరగదు, మూడు నాలుగు రోజులు ఆగాలి.

చిరుచుక్క:

చాలా కృతజ్ఞతలు. మూల ఫ్రేముల్లో చూశాను, ఆ చుక్క అన్నిట్లోనూ ఒకే పిక్సెల్ మీద ఉంది. హాట్ పిక్సెలే. నేను కొట్టినవి కూడా ఆ రోజు అంకెలే.

ఈసారి హొరైజన్స్ పట్టికతో, 4 సెకన్లు × 60 తీశాను. మూడు సిగ్మాల అనిశ్చితి 9 ఆర్క్ సెకన్లే, కాబట్టి ఫ్రేములో ఉండి తీరాలి. పట్టికలో ఆర్ఏ వేగం గంటకు +1476, డెక్ వేగం −1968 ఆర్క్ సెకన్లు. డెక్ +40 డిగ్రీలు. ఆర్ఏ వేగాన్ని 40 డిగ్రీల కొసైన్‌తో గుణించి 1131 చేసుకుని, నిమిషానికి 37.8, దిశ 150 డిగ్రీలు ఇచ్చాను. స్టాక్‌లో (కలిపిన బొమ్మలో) చుక్క లేదు, కాస్త పరుచుకున్న మసక లాంటిదేదో ఉంది. ఇంకా ఏం మిగిలింది?

ధ్రువరేఖ:

కొసైన్‌తో రెండుసార్లు గుణించారు. హొరైజన్స్ మూడో కాలమ్‌లో ఇచ్చే ఆర్ఏ వేగం అప్పటికే కొసైన్‌తో గుణించినదే, కాలమ్ పేరులోనే ఆ సంగతి ఉంటుంది. 1476నీ 1968నీ వర్గాలు చేసి కలిపి వర్గమూలం తీస్తే గంటకు 2460, నిమిషానికి సరిగ్గా 41. ఆర్ఏ పెరుగుతోంది, డెక్ తగ్గుతోంది కాబట్టి నడక ఆగ్నేయంగా. ఉత్తరం నుంచి తూర్పు మీదుగా కొలిస్తే దిశ 143 డిగ్రీలు. మీరిచ్చిన వేగానికీ అసలు వేగానికీ మధ్య నిమిషానికి దాదాపు 5.8 ఆర్క్ సెకన్ల తేడా. నాలుగు నిమిషాల స్టాక్‌లో అది 23 ఆర్క్ సెకన్లు, అంటే 29 పిక్సెళ్ల పొడుగున వెలుగు సాగిపోయింది. మీకు కనిపించిన ఆ మసక శకలమే అయి ఉండాలి. అవే ఫ్రేములను 41, 143తో మళ్లీ కలపండి, కొత్తగా తీయక్కర్లేదు. ఈ లెక్కే వద్దనుకుంటే 47వ కాలమ్ పెట్టుకోండి, వేగం నిమిషానికి ఎన్ని ఆర్క్ సెకన్లో, దిశ ఎంతో నేరుగా ఇస్తుంది.

నీలినిశి:

చుక్క తేలాక అది మీ శకలమేనని నిర్ధారించుకునే పద్ధతి కూడా రాస్తున్నా. 60 ఫ్రేములను 20 చొప్పున మూడు ముక్కలుగా విడగొట్టి విడివిడిగా కలపండి. మూడింటిలోనూ చుక్క ఉండాలి, వరుస స్థానాల మధ్య ఎడం వేగానికి సరిపోవాలి. మూడు కొలతలూ పట్టికతో పోల్చితే వచ్చే తేడాలు ఒకే వైపు, ఒకే మేర ఉండాలి. ఒకటి తూర్పుకీ ఇంకోటి ఉత్తరానికీ పోతుంటే మీరు కొలిచింది నాయిస్‌ను (ఫ్రేములోని అడ్డదిడ్డపు మచ్చలను), శకలాన్ని కాదు. ఆ చోట తెలిసిన వేరే శకలాలేమైనా ఉన్నాయేమో ఎంపీసీ వారి ఎంపీచెకర్‌లో ఒకసారి చూసుకోండి.

మూడు తేడాలూ శకలం నడిచే దారి వెంబడే ఉంటే గడియారాన్ని పట్టుకోండి. దాని వేగం సెకనుకు 0.68 ఆర్క్ సెకన్లు కాబట్టి కంప్యూటర్ గడియారం 3 సెకన్లు తప్పితే 2 ఆర్క్ సెకన్లు తప్పినట్టే. తీయడానికి ముందు ఇంటర్నెట్ సమయంతో సరిచేయండి, రాత్రి మధ్యలో ఇంకోసారి. ఫైల్ హెడర్‌లో రాసే సమయం చాలా సాఫ్ట్‌వేర్లలో ఎక్స్‌పోజర్ మొదలైన క్షణం. కొలత మాత్రం మధ్య క్షణానికి చెందుతుంది. 4 సెకన్ల ఫ్రేముకి ఆ 2 సెకన్లు కలపడం మరిస్తే 1.4 ఆర్క్ సెకన్లు పోతాయి, అదీ ప్రతి ఫ్రేములోనూ ఒకే వైపు. స్టాక్‌కైతే మొదటి ఫ్రేము మొదలుకీ చివరి ఫ్రేము ముగింపుకీ నడిమి సమయం.

చోటు, సమయం పట్టింపు అలవాటు కావాలంటే 2029 ఏప్రిల్ 13 పట్టిక ఇప్పుడే తీసి చూడండి. ఆ రోజు అపోఫిస్ భూమి ఉపరితలానికి సుమారు 32,000 కి.మీ. ఎత్తు నుంచి పోతుంది, దాదాపు 3 మాగ్నిట్యూడ్‌తో మామూలు కంటికే కనబడేంత వెలుగుతో. హొరైజన్స్‌లో ఒకసారి మీ స్థలం, ఒకసారి కోడ్ 500, ఒకసారి భూమికి అవతలి వైపున్న ఏదో ఒక అబ్జర్వేటరీ కోడ్ పెట్టి అదే నిమిషానికి మూడు వరుసలు పక్కపక్కన ఉంచండి. మూడూ ఒకదానికొకటి ఎంత ఎడంగా పడతాయో చూడండి.